నల్లకోడి మొక్కుబడి

కల్వకుర్తి బజారులో గట్టి బేరగాళ్ళకు ఏ కాలంలోనూ కొదవ లేదు. కాని సాక్షాత్తూ దేవుడితో బేరమాడి, సరుకు ముందుగా ఇంట్లోకి దించుకుని, ఆ తర్వాత ధర తగ్గించిన మనిషిని మాత్రం నేనొక్కదాన్నే. అదీ పదకొండేళ్ళ వయసులో. మా నాయిన జీవితమంతా దుకాణంలో కూర్చున్నాడు, ఆయన వల్ల కాలేదు. మా పక్క దుకాణం సేటు కాశీదాకా పోయివచ్చాడు, ఆయన వల్లా కాలేదు. నేను చేశాను. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే నా పరికిణీ కుచ్చెళ్ళు కూడా గర్వంగా ఊగాయని గుర్తు.

ఇంతకాలం మూతపెట్టి ఉంచిన ఈ గొప్ప మొన్న జడ్చర్లలో బయటికి పొంగింది. మా తమ్ముడు తిమోతి అక్కడే స్థిరపడ్డాడు. వాళ్ళ చర్చి సంఘంలో కోతపండుగ, రమ్మంటే పోయాను. గుడి ముందు షామియానా, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు. కానుకల బల్ల మీద గుమ్మడికాయలు, బియ్యం సంచులు, అట్టపెట్టెల్లో కేకులు, ఒక ఫ్యాను. పక్కన ఇనుప జాలీలో ఫారం కోళ్ళు, అన్నీ ఒకే తెలుపు, ఒకే బరువు. వేలం మొదలైంది. అంతలో ఒక చిన్నపిల్ల తువ్వాలలో చుట్టిన నాటుకోడిని తెచ్చి బల్ల మీద పెట్టింది. నల్లకోడి. అది మెడ వంచి ఒంటికన్నుతో నావైపు చూసింది. నేను లేచి బయటికి వచ్చేశాను. తిమోతి వెనకే వచ్చి, “ఏమైందక్కా?” అన్నాడు. “ఏం లేదురా, ఎండకు” అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, సరిగ్గా ఈ అబద్ధమే, ఈ మాటతోనే, ఒకప్పుడు మా అవ్వకు చెప్పాను.

మాది తోలు దుకాణం. నాయిన చెప్పులు కుట్టేవాడు, బావుల్లో నీళ్ళు తోడే మోటలకు తోలు బొక్కెనలు, తొండాలు కుట్టేవాడు. బావుల మీద కరెంటు మోటర్లు ఇంకా రాని రోజులవి. తోలు వాసన పడదని మాకు బజారు చివర జాగా చూపించారు గాని, మా చెప్పులు తొడగకుండా ఆ బజారులో నడిచిన సేటు ఒక్కడూ లేడు. దుకాణమంతా తోలు నానబెట్టే తంగేడు చెక్క వాసన, ఆముదం వాసన, పైన తాడుకు వేలాడే కిర్రుచెప్పులు. నాయిన చేతులు కుట్టుపనిలో ఉంటే బేరం నేను చూసేదాన్ని. ఆయన నేర్పిన చదువు ఒకటే: పోయే మనిషి మొహం చూడొద్దు, మడమ చూడు. మడమ నేలను గట్టిగా తన్నుకుంటూ పోతే నిజంగా పోతున్నట్టు. తేలిగ్గా, నాన్చుతూ పోతే పిలుపు కోసం చూస్తున్నట్టు. నేను ఆ విద్యలో నాయినను దాటిపోయాను. “ఈ పిల్ల నోట్లో తక్కెడ పెట్టుకుని పుట్టింది” అనేవాడు పక్క దుకాణం సేటు. దాన్ని నేను దీవెన అనుకున్నాను.

ఇంట్లో రాజ్యం అవ్వది, మా నాయిన తల్లిది. ఆమెకు అక్షరం రాదు, కీర్తనలు మాత్రం విని విని కంఠతా పట్టింది. పొద్దున పొయ్యి అంటించి, జొన్న గట్కకు ఎసరు పెట్టి, బియ్యం వండే రోజైతే ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యిపక్క ముంతలో వేసేది. అది దేవుని బియ్యం. ఇంట్లో ఎంత కరువున్నా ఆ ముంతలో చెయ్యి పెట్టిన పాపాన పోలేదు ఎవరూ. ఆమె ప్రార్థన కూడా వంటలాంటిదే. కూరగాయలు కోస్తూ, పేడ అలుకుతూ, పక్కింటామెతో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడేది, మధ్యలో తిట్టేది కూడా. “వాన కురిపియ్యవు, గాలి దుమారం లేపుతవు, నీకేమన్న పని లేదా” అనేది. నాకది వింతగా ఉండేది. నాకు తెలిసిన దేవుడు గల్లాపెట్టె వెనక కూర్చున్న పెద్దసేటు. గట్టిగా అడిగితే ఇస్తాడు, ఇచ్చిందానికి రాబడతాడు.

కోతపండుగకు మా వైపు ఒక ఆనవాయితీ ఉండేది. మొక్కుకున్న కోడికో మేకకో పండుగ పొద్దున కాలికి ఎర్రదారం కట్టి గుడికి తీసుకుపోయేవాళ్ళం. ఎందుకు మొక్కుకున్నావని ఎవరూ అడగరు, అది ఆ మనిషికీ దేవుడికీ మధ్య మాట. ఆరాధన అయ్యాక వేలం. అది బజారు వేలం కాదు, దాని తలకిందులు. బజారులో ఎంత తగ్గిద్దామా అని చూసే మనుషులే అక్కడ పోటీలుపడి పెంచేవాళ్ళు. గంప వంకాయలను ఒకడు పాడుకుని, మళ్ళీ గుడికే ఇచ్చి, రెండోసారి పాడించేవాడు. చిన్నప్పుడు అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. ఇంతమంది బుద్ధిమంతులు ఒకేరోజు ఎట్లా చెడిపోతారో అర్థమయ్యేది కాదు.

ఆ యేడు వర్షాలు వెనకబట్టాక అమ్మకు జ్వరం పట్టింది. కషాయాలకు లొంగలేదు. నాయిన ఆమెను బస్సులో జడ్చర్ల దవాఖానకు తీసుకుపోయాడు. ఇంట్లో అవ్వ, నేను, నాలుగేళ్ళ తిమోతి మిగిలాం. వాణ్ణి బజారంతా తిమ్మడనేది. వాడు రోజూ సాయంత్రం గడపలో కూర్చుని, బస్సు చప్పుడైతే చాలు, “అమ్మ” అని లేచి నిలబడేవాడు. మూడోవారం వచ్చినా అమ్మ రాలేదు. అప్పుడు నేను కోళ్ళగంప వెనక మోకరించి బేరం పెట్టాను. నాదంటూ ఉన్న ఆస్తి ఒకటే, అవ్వ నాకు పిల్లగా ఇస్తే పెంచుకున్న నల్లకోడి. పెడితే విడవకుండా గుడ్లు పెట్టేది, పిలిస్తే వచ్చేది. “అమ్మను పంపు, నల్లకోడిని ఇస్త” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు అది నిజం. దానికి నేనే సాక్షిని.

అమ్మ వచ్చింది. జుట్టు ఊడి, పిట్టంత అయి, నాయిన భుజం పట్టుకుని బస్సు దిగింది. ఆ రోజు నేను ఏమడిగినా ఇచ్చేసేదాన్ని. కాని కోతపండుగ నెలరోజుల తర్వాత వచ్చింది, అప్పటికి అమ్మ లేచి రొట్టెలు చేస్తోంది, పొయ్యిదగ్గర కూర్చుని నన్ను తిడుతోంది కూడా. కళ్ళ ముందు తిరిగే సరుకుకు ఇప్పుడు అంత ధర ఎందుకనిపించింది. దవాఖానలో సూదులు కూడా వేశారు కదా, అంతా ఆయనొక్కడే చేశాడా? కోడి అన్నాను, నల్లదని కూడా అన్నాను, ఏ నల్లదో అనలేదు కదా?

పండుగ ముందురోజు అంగడి. కోళ్ళమ్మే ఒకామె దగ్గర గంప అడుగున ఒక నల్లకోడి కళ్ళు మూసి తూగుతోంది. నాకు కోళ్ళ సంగతి బాగా తెలుసు, అది కొక్కెర తెగులని చూడగానే తెలిసింది. మా దుకాణంలో ఎవరూ కొనని జత చెప్పులుంటే ఇచ్చి ఆ కోడిని తెచ్చాను. తెచ్చి ఇంటికి తీసుకుపోలేదు. మా కోళ్ళకు అంటుకోకుండా దుకాణంలోనే గంప కింద మూశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. పొద్దున దాని గొంతులో మిరియం గింజ వేశాను, అట్లా చేస్తే కాసేపు మెడ నిలబెడుతుందని అంగడిలో విని ఉన్నాను. కాలికి ఎర్రదారం కట్టాను. గుడి దగ్గర అవ్వ చూసి, “ఏందే, గీ కోడి తూగుతాంది?” అంది.

“ఎండకు అవ్వా.”

చలికాలపు పొద్దున ఎండ ఎక్కడిది? కాని అవ్వ కీర్తన అందుకునే తొందరలో ఉంది.

వేలంలో నా కోడి వంతు వచ్చేసరికి సంతోషమ్మ లేచింది. గుడి వెనక గుడిసెలో ఉండే విధవరాలు, నాకు వరసకు పెద్దమ్మ. చేన్లలో కలుపుకు పోయేది, మిగతా బతుకంతా తన కోళ్ళ మీద. బజారులో ఆమె వస్తోందంటే దుకాణదార్లు నిట్టూర్చేవాళ్ళు. పచ్చిమిరపకాయలు కొంటే తొడిమెల బరువు తీసెయ్యమనే మనిషి. నాకు ఆమె మీద గురుభక్తి ఉండేది. ఆమె ఆ రోజు ఎవరూ పెంచకముందే తన పాట తానే పెంచింది. నవ్వులు లేచాయి. “నవ్వకుండ్రి” అంది నావైపు చూపించి. “గిది రూతమ్మ కోడి. వాళ్ళమ్మ బతికొచ్చిన కోడి. గిసొంటిది నా ఇంట్ల ఉండాలె.” కొంగుముడి విప్పి ఇచ్చి, కోడిని సంకలో పెట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి పోయింది. నేను ఇంటికి గర్వంగా నడిచానని మొదట్లో చెప్పాను. నిజమే. నా నల్లకోడి దొడ్లో ఎదురొచ్చింది.

వారం తిరిగేలోపు సంతోషమ్మ కోళ్ళు ఒక్కొక్కటే మెడలు వంచాయి. గుడిసె ముందు తవుడు చల్లితే పిచ్చుకలు తప్ప ఏవీ రాలేదు. ఆమె మా ఇంటికి వచ్చి అమ్మతో చెప్పుకుని ఏడ్చింది. నా కోడి మీద ఆమెకు అనుమానం కూడా రాలేదు. “పాపం, రూతమ్మ కోడి సుత పాయె” అని నన్నే ఓదార్చింది. నేను జొన్నలు చెరుగుతూ తల ఎత్తలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే తిమోతికి జ్వరం పట్టింది. అమ్మ జ్వరమే. అదే పొడినాలుక, అదే కలవరింత. ఇంట్లో అందరికీ అది జ్వరం. నాకు మాత్రం అది వసూలు. పెద్దసేటు తన మనిషిని పంపాడు.

భయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అన్నం నోట్లో పెట్టుకుంటే ఇసక. ప్రార్థనకు కళ్ళు మూస్తే గంప కింద కళ్ళు మూసిన కోడి. ఎవరికైనా చెబుదామంటే నోరు రాదు, ఎన్ని మాటలైనా ఆడే నోరు. దీనికి తోడు సంతోషమ్మ రోజూ సాయంత్రం కలుపు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. కొంగులోంచి ఒక గుడ్డు తీసి ఇచ్చేది. కోళ్ళు పోకముందు జొన్నల కుండలో దాచిన గుడ్లు. “పిలగానికి జావల కలిపియ్యి” అని నా చేతిలోనే పెట్టేది. పొయ్యి దగ్గర ఆ గుడ్డు పగలగొట్టడం నాకు వచ్చిన శిక్ష. పచ్చసొన నన్ను చూసేది.

ఒక మధ్యాహ్నం తిమోతి నన్ను గుర్తుపట్టలేదు. నేను నల్లకోడిని పట్టుకుని సంతోషమ్మ గుడిసెకు పరుగెత్తాను. ఆమె గడపలో కూర్చుని చాటలో నూకలు చెరుగుతోంది.

“పెద్దమ్మా, గీ కోడి దీస్కో.”

“పుక్కటికా? పైస తగ్గియ్యనిదానివి, ఏమైందే నీకు? ఎండ తాకిందా?”

చెప్పాను. ఎట్లా చెప్పానో తెలియదు, చెప్పాను. ఆమె చాట కింద పెట్టింది.

“అది రోగం కోడి అని నీకెరికేనా?”

“ఎరికే.”

“అంటుకుంటదని ఎరికేనా?”

నేను కోడి రెక్కలు సవరించాను.

“ఎరికే. లేకుంటే దుకాణంల గంప కింద ఎందుకు మూస్తవు? మీ ఇంట్ల మూద్దువు.” బేరంలో ఆమె కన్ను ఎప్పుడూ తప్పలేదు. చాటలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పారేసి అంది: “అమ్రాబాదుల నా బిడ్డకు తొలిచూలు. తల్లిగారింటికి తోల్కొద్దామని ఆ కోళ్ళను సాదిన. బాలింతకు గుడ్లు, కారం కూర, మంత్రసానికి చీర, అన్నీ వాటి మీదనే. గిప్పుడు వట్టి చేతులతోని ఎట్ల పోయి తోల్కరావాలె? అత్తగారింట్లనే కంటది నా బిడ్డ.”

కోడి నా చేతుల్లో కొట్టుకుంటోంది.

“ఒక్క మాట చెప్పు. గీ కోడి నాకిస్తున్నవా? మీ తమ్ముని కోసం దేవునికిస్తున్నవా?”

పోయే మనిషి మడమ చూసి మనసు చెప్పేదాన్ని, నా మనసు నాకు తెలియలేదు. కాదు, తెలుసు.

“తీస్కపో” అందామె. “లంచమియ్యాలంటే కచేరికి పో. నా గుడిసెల వద్దు.”

“మాఫ్ చెయ్యి పెద్దమ్మా.”

“ఇయ్యాల చెయ్య. నోటితోని అంటే అబద్ధమైతది. నా కడుపుల మంట ఉన్నది. ముందు దేవునితోని కొట్లాడాలె. నువ్వు పో.”

సాయంత్రం ఆమె రాదనుకున్నాను. నేనైతే వచ్చేదాన్ని కాదు. గడపలో తిమోతి కూర్చునే చోట కూర్చుని దారి చూశాను. ఆమె వచ్చింది. నావైపు చూడలేదు. గుడ్డు నా చేతికి ఇవ్వలేదు, అవ్వకు ఇచ్చింది. వాడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. “ప్రభువా, ఇయ్యాల నా మనసు బాగలేదు. ఎందుకో నీకెరికే. నా కోపం ఒక దిక్కు పెట్టు, పిలగాని జ్వరం ఒక దిక్కు పెట్టు. రెండు కలుపకు.” అంతే ఆ ప్రార్థన. అప్పటిదాకా ప్రార్థనంటే మంచి మాటలు ఏరి దేవుడి ముందు పెట్టడం అనుకున్నాను, మెరుగుపెట్టిన చెప్పులు ముందు వరసలో వేలాడదీసినట్టు. కోపాన్ని కోపంగానే తీసుకుపోయి ఆయన ముందు పెట్టవచ్చని, అట్లా పెట్టాక కూడా మరొకరి కోసం చెయ్యి చాపవచ్చని నాకు చూపించింది సంతోషమ్మే.

ఆమె పోయాక అవ్వ నన్ను పక్కకు పిలిచింది. “సంతోషమ్మకు నీ మీద ఏం కోపమే?” అప్పుడు అవ్వకూ చెప్పాను. చెప్పి, లోపల నలుగుతున్న అసలు మాట అడిగాను: “తిమ్మడు సచ్చిపోతే నా వల్లనేనా అవ్వా?” అవ్వ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బియ్యం ముంతను దగ్గరికి జరుపుకుంది. “నువ్వు చేసింది సంతోషమ్మకు చేసినవు. తమ్మునికి చెయ్యలే. పాపాన్ని సుత సరిగ్గ తూచాలె పిల్లా. తక్కువ తూచినా దొంగ తూకమే, ఎక్కువ తూచినా దొంగ తూకమే” అంది. “ఆయన పిలగాండ్లను జప్తు చేసేటోడు కాదు. గంత నమ్మకం లేకుంటే గీ ముంతల బియ్యం ఎందుకేస్తున్న నేను?” తర్వాత నన్ను మోకరించమంది. ఏమివ్వను అని అడగకుండా, ఏమీ చేతిలో లేకుండా దేవుడి ముందు నిలబడటం అదే మొదటిసారి. బేరం రాని చోట నాకు మాటలు లేవు. ఏడ్చాను. ఆ ఏడుపును ప్రార్థనగా అవ్వే లెక్కగట్టి “ఆమెన్” అంది.

తిమోతి జ్వరం మెల్లగా దిగింది. నల్లకోడి మా దొడ్లోనే తిరుగుతోంది, గుడ్లు కూడా పెడుతోంది. ఎవరూ ఏమీ తీసుకోలేదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషం కంటే ముందు దిక్కుతోచనితనం కలిగింది. ఏమీ తీసుకోకుండా ఇచ్చేవాడితో వ్యవహారం ఎట్లా చెయ్యాలి? తిమోతి లేచి నడిచాక, దేవుడిని అడగవలసింది ఏమీ మిగలని ఒక పొద్దున, నల్లకోడిని మళ్ళీ తీసుకుపోయి సంతోషమ్మ గడప ముందు వదిలాను. ఆమె చూసింది, పొమ్మనలేదు. గింజలు చల్లింది.

ఆ తర్వాత ఎన్నాళ్ళో ఆమె మా దుకాణం ముందు నుంచి తల తిప్పకుండా పోయేది. నేను ఆమె మడమలు చూసేదాన్ని. నేలను తన్నుకుంటూ పోయేవి. జొన్నకోతలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి. ఒక అంగడి రోజు ఆమె వచ్చి తెగిన చెప్పు నా ముందు పడేసింది. నాయిన కుట్టిచ్చాడు. “ఊరికే తీస్కపో పెద్దమ్మా” అన్నాను. “ఎందుకు ఊరికే? కుట్టు వంకర పోయింది, దారం నాసిది, మైనం రుద్దలే. సగమిస్త” అంది. నేను నోరు మూసుకున్నాను. “ఏమే, నోరు పడిపోయిందా? బేరమాడు!” అని గద్దించింది. ఆడాను. దారం మంచిదన్నాను, కుట్టు కాదు నీ కాలే వంకరన్నాను. ఆమె చెప్పు విసిరేసి వెళ్ళిపోయింది. మడమ తేలిగ్గా, నాన్చుతూ పోతోంది. “పెద్దమ్మా!” అని కేకేశాను. ఆమె తిరిగింది. నాయిన తల వంచి కుట్టుకుంటూ నవ్వాడు. నేను దుకాణం వెనక తోళ్ళ చాటున కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు ఆ దుకాణం లేదు, మోటలు లేవు, ఆ మనుషులూ లేరు. జడ్చర్ల వేలంలో ఆ నల్లకోడిని ఎవరో ఫోనులోనే పాడుకున్నారట, అది ఎవరి దొడ్లోకి పోతుందో, ఎందుకు ఇచ్చారో ఎవరికీ అక్కరలేదు. అప్పటి మనుషులు మంచివాళ్ళు, ఇప్పటివాళ్ళు కాదు అనను. రోగం కోడిని తెచ్చింది అప్పటి మనిషే. కాని అప్పుడు నేను ముంచిన మనిషి నా తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టే దూరంలో ఉండేది, తప్పించుకోవడానికి జాగా ఉండేది కాదు. ఇప్పుడు ఉంది, చాలా ఉంది. అందుకే ఈ వయసులో కూడా ప్రార్థనకు కూర్చుంటే, ముందుగా గంప ఎత్తి కింద ఏముందో చూసుకుంటాను.

ఇక లెక్క, ఏ తగ్గింపూ లేకుండా. అమ్మ ప్రాణం ఉచితంగా వచ్చింది, నేను కొన్నాననుకున్నాను. తమ్ముడి ప్రాణమూ ఉచితంగానే వచ్చింది. నల్లకోడి సంతోషమ్మ గుడిసెలో పొదిగింది, వాకిలి మళ్ళీ కోళ్ళతో నిండింది. ఆమె కోపం కూడా తీరింది, వెనక్కి తిరిగిన ఆ మడమ అబద్ధం చెప్పదు. ఒక్కటే మిగిలింది. ఆమె బిడ్డ అమ్రాబాదులో అత్తగారింట్లోనే కన్నది. ఆడపిల్ల. అమ్మమ్మ మొదటిసారి ఎత్తుకునేటప్పటికి ఆ పిల్ల పాకుతోంది, కొత్తమనిషిని చూసి ఏడ్చిందట. దానికి మారుగా ఇవ్వడానికి నా దగ్గరే కాదు, ఏ అంగడిలోనూ ఏమీ లేదు. దేవుడితో బేరమాడి గెలిచానని మొదట్లో చెప్పాను. గెలిచిన మాట నిజమే. ధర మాత్రం సంతోషమ్మ కట్టింది.